సబ్ పండు, ఎండ్ సబ్

తెనాలిలోని అమ్మమ్మ ఇంటిని అమ్మేయాలని పెద్దవాళ్ళు నిర్ణయించిన తరువాత, మిగిలిన సామాను సర్దడానికి మొన్న వేసవిలో నేనూ, మా పిన్ని కూతురూ వెళ్ళాం. పడమటింట్లో మంచం కింద ఉన్న ట్రంకుపెట్టె మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. అమ్మమ్మ చీరలు ఎప్పుడో పంచుకున్నారు కాబట్టి అందులో ఏమీ మిగిలి ఉండదనుకున్నాం. కానీ అడుగున ఒక పౌడరు డబ్బా, దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితాల దొంతర కనిపించాయి. డబ్బా చేతిలోకి తీసుకోగానే లోపల గలగలమంది. మూత తీయకుండానే చెల్లి "గవ్వలు" అంది.

కాగితాలు మాత్రం వెంటనే గుర్తుకు రాలేదు. రెండు అంచుల వెంటా వరుసగా చిల్లులుండి, ఒకదానికొకటి అతుక్కుని మడతలు మడతలుగా వచ్చే పాతకాలపు ప్రింటర్ కాగితాలవి. సిరా బూడిదరంగుకు తిరిగింది. కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళి చూస్తే, మొదటి పేజీ పైభాగంలో "డిక్లేర్ సబ్ గళ్ళు", "డిక్లేర్ సబ్ కాయజరుపు", "డిక్లేర్ ఫంక్షన్ గవ్వలు" అన్న వరుసలు కనిపించాయి. ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసిన తెలుగు మాటలు. నేను తొమ్మిదో తరగతికి, చెల్లి ఏడో తరగతికి వెళ్ళబోతున్న ఆ సెలవుల్లో ఇద్దరం కలిసి క్యూబేసిక్ అన్న కంప్యూటర్ భాషలో రాసిన అష్టాచెమ్మా ఆట అది. ఆ కాగితాలనూ ఆ గవ్వలనూ ఒకేచోట దాచింది అమ్మమ్మే అయి ఉండాలి. వాటిలో ఏం రాసి ఉందో ఆమెకు తెలియదు గాని, అవి ఏ ఆటకు సంబంధించినవో బాగా తెలుసు.

*

కంప్యూటర్ సెంటర్ బోసు రోడ్డులో ఒక బట్టల కొట్టు పైన ఉండేది. ఇరుకు మెట్లెక్కి వెళ్ళి, చెప్పులు బయట విడిచి, గాజు తలుపు తోసుకుని లోపలికి అడుగుపెడితే, తెనాలి ఎండంతా ఒక్కసారిగా వెనకే ఆగిపోయినట్టు ఉండేది. మా ఊరి పిల్లలలో చాలామందికి ఏసీ గది అంటే ఏమిటో తెలిసింది అక్కడే. ఏసీ నుంచి కారే నీటికి ఒక మూల ఎప్పుడూ తడిసి ఉండే తివాచీ వాసన, వేడెక్కిన మానిటర్ల వాసన కలిసి ఆ గదికి ఒక ప్రత్యేకమైన వాసన ఉండేది. శుక్రవారం సాయంత్రం సార్ సాంబ్రాణి వేసేవారు గాని, పొగ మెషీన్లకు మంచిది కాదని దాన్ని ముందు గదిలోనే ఉంచి గాజు తలుపు మూసేవారు.

మెషీన్లు నాలుగు. మూడింటికి నలుపు తెలుపు మానిటర్లు, ఒక్కదానికే రంగులది. స్విచ్ వేయగానే అవి మెమరీ లెక్కపెట్టుకుంటూ టిక్కు టిక్కుమనేవి. తరువాత ఫ్లాపీ డ్రైవు గరగరలాడేది, చివరికి ఒక్క బీప్ వినిపించేది. ఆ వరుసలో ఏ చప్పుడు తప్పినా ఈ రోజు మన మెషీన్ పనిచేయదేమోనని గుండె జారిపోయేది. కరెంటు పోతే యూపీఎస్ కీచుమంటూ అరవడం మొదలుపెట్టేది. అది అరుస్తున్నంతసేపట్లోనే రాసినదంతా సేవ్ చేసుకోవాలి. గది మొత్తం ఒకేసారి ఫ్లాపీ డ్రైవుల చప్పుడుతో నిండిపోయేది.

ఒక్కొక్క మెషీన్‌కు ఇద్దరు, రోజుకు ఒక్క గంట. అందువల్ల ప్రోగ్రాం రాసేది మెషీన్ మీద కాదు, లాంగ్ నోట్‌బుక్‌లో. ఇంటి దగ్గర డాబా మీద కూర్చుని పెన్సిలుతో రాసుకుని, తప్పులు వెదుక్కుని, కొట్టివేసి, మళ్ళీ సాఫు రాసుకుని వెళ్ళేవాళ్ళం. ఒక్క గంటలో టైపు చేయడానికి, నడిపి చూడడానికి, తప్పు దిద్దడానికి సమయం సరిపోవాలి కదా. ఇప్పటి పిల్లలు తెర ముందే ఆలోచిస్తారు. మేము తెర దగ్గరకు వెళ్ళేసరికి ఆలోచించడం అయిపోయి ఉండేది. అందులో మా గొప్పతనమేమీ లేదు, అద్దె గంటకు ఇంత అన్న లెక్కే మమ్మల్ని అలా నడిపించింది. అయినా ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు.

*

బేసిక్ భాషను 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అన్న ఇద్దరు గణిత ఆచార్యులు తమ విద్యార్థుల కోసం తయారుచేశారు. దాని పేరులోనే "కొత్తగా నేర్చుకునేవారి కోసం" అన్న అర్థం ఉంది. 1991లో, కంప్యూటర్‌ను నడిపించే ఎంఎస్-డాస్ 5తో పాటు వచ్చిన క్యూబేసిక్ దాని సంతతిలోదే. ఆ డాస్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ అది దానంతటదే ఉండేది, వేరే కొనవలసిన పని లేదు. వెంట గొరిల్లా, నిబుల్స్ అన్న రెండు ఆటలు కూడా వచ్చేవి. అవి ఆడుకోవడానికి మాత్రమే కాదు, లోపల ఎలా రాశారో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదువుకోవడానికి కూడా వీలుండేది.

సార్ మొదటి వారం మా చేత ఏమీ రాయించలేదు. గొరిల్లాను తెరిచి ఎఫ్‌టూ నొక్కమన్నారు. అప్పుడు ఆ ప్రోగ్రాంలోని సబ్‌ల పేర్లన్నీ అక్షర క్రమంలో ఒక పట్టికగా వచ్చాయి. సబ్ అంటే ఒక చిన్న పనికి పేరు పెట్టి, ఆ పని చేసే విధానాన్ని ఆ పేరు కింద రాసిపెట్టడం. ఆ తరువాత ఎక్కడ ఆ పేరు రాసినా ఆ పని జరుగుతుంది. ఊరి భవనాలను గీయడానికి "మేక్‌సిటీస్కేప్", గొరిల్లాలను డాబాల మీద నిలబెట్టడానికి "ప్లేస్‌గొరిల్లాస్", సూర్యుడిని గీయడానికి "డూసన్", గెలిచిన గొరిల్లా చేతులు పైకెత్తి ఎగరడానికి "విక్టరీడాన్స్". నిబుల్స్‌లో అయితే "స్టిల్‌వాంట్స్‌టుప్లే" అని ఒక ఫంక్షన్ ఉండేది. ఇంకా ఆడతావా అని అడిగి, అవునో కాదో తెలుసుకుని వచ్చేది అది.

ఆ పేర్లు చదివినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంకా గుర్తుంది. అంతకుముందు ప్రోగ్రాం అంటే గీతలూ అంకెలూ అర్థం కాని గుర్తులూ అనుకునేవాడిని. ఇక్కడ మాత్రం ఒక ఆటను ఎవరో ఎదురుగా కూర్చుని వరసగా చెబుతున్నట్టే ఉంది. ముందు ఊరు గీయి, గొరిల్లాలను నిలబెట్టు, సూర్యుడిని గీయి, పందెం వేయించు, గెలిచినవాడి చేత ఎగిరించు.

"ఈ పట్టిక చదివితే ఆట మొత్తం తెలిసిపోవాలి నాన్నా. తెలియకపోతే పేర్లు సరిగ్గా పెట్టలేదని అర్థం" అనేవారు సార్.

క్యూబేసిక్‌లో ఇంకొక వింత ఉండేది. ప్రింట్ అన్న మాటను చిన్న అక్షరాలతో టైపు చేసి ఎంటర్ నొక్కితే, అది దానంతటదే పెద్ద అక్షరాలలోకి మారేది. ఇఫ్, ఫర్, సబ్, అన్నీ అంతే. మనం పెట్టుకున్న పేర్లు మాత్రం మనం టైపు చేసినట్టే చిన్న అక్షరాలలో ఉండిపోయేవి. నీలం తెర మీద చూడగానే ఏ మాటలు భాషవో, ఏ మాటలు మనవో విడివిడిగా కనిపించేవి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడాయే లేని లిపిలో చదువుకుంటున్న పిల్లలకు ఆ తేడా వల్ల కలిగే ప్రయోజనం ఏమిటో మొదటిసారి తెలిసింది అక్కడే. పేర్లు తెలుగులో పెట్టుకోమని సార్ చెప్పింది కూడా అందుకే. తెలుగు మాట భాషకు చెందిన మాటతో ఎప్పుడూ కలిసిపోదు, పైగా మాకు ఆ పని ఏమిటో వెంటనే గుర్తుకొస్తుంది.

*

మొదటి సబ్ రాసిన రోజు చెల్లి ఏడ్చినంత పని చేసింది. అరగంట పాటు టైపు చేసిన ప్రోగ్రాం చివర "సబ్ గళ్ళు" అని కొట్టి ఎంటర్ నొక్కగానే, రాసినదంతా మాయమైపోయింది. ఖాళీ తెర మీద పైన "సబ్ గళ్ళు", కింద "ఎండ్ సబ్", మధ్యలో ఒక ఖాళీ వరుస మాత్రమే ఉన్నాయి. రాసినదంతా చెరిగిపోయిందని ఇద్దరం సార్ దగ్గరకు పరుగెత్తాం. ఆయన నింపాదిగా వచ్చి ఎఫ్‌టూ నొక్కి, పట్టికలో పైనున్న మా ఫైలు పేరు మీదకు వెళ్ళి ఎంటర్ నొక్కారు. అంతా అక్కడే ఉంది.

"మీరు కొత్త గది అడిగారు, అది కట్టి ఇచ్చింది. హాల్లో సామాను హాల్లోనే ఉంది" అన్నారు.

సేవ్ చేసి మళ్ళీ తెరిచినప్పుడు ప్రోగ్రాం నెత్తిన మేము రాయని వరుస ఒకటి కనిపించింది. అదే "డిక్లేర్ సబ్ గళ్ళు". గది కట్టినందుకు అది గుమ్మం ముందు పేరు రాసి పెట్టిందని చెల్లి వెంటనే అనుకుంది. నేను మాత్రం ఎవరో మా ఫ్లాపీ ముట్టుకున్నారని పక్క మెషీన్ వాళ్ళతో పోట్లాటకు దిగాను.

*

ఏ ఆట రాయాలో తేల్చింది అమ్మమ్మ ఇంటి గచ్చు. మధ్యాహ్నం వడగాలికి తలుపులు వేసి, హాల్లో సుద్దముక్కతో అయిదు అడ్డం అయిదు నిలువు గళ్ళు గీసి, అమ్మమ్మా మేమిద్దరమూ అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. వచ్చిపోయే పనిమనిషి కూడా కాసేపు నాలుగో చెయ్యి వేసేది. బయటి వరుసలో పదహారు గళ్ళు, లోపలి వరుసలో ఎనిమిది, నడిమధ్యన ఒకటి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. రెండింటిలో ఏది పడినా మరో పందెం వేసుకోవచ్చు. కాయ చుట్టూ తిరిగి నడిగడిలోకి చేరితే పండినట్టు. ఎవరి కాయ పండినా సరే, అమ్మమ్మ తన కాయే పండినంత సంబరంగా రెండు చేతులూ చరిచి "పండిందర్రా!" అని అరిచేది.

ఆ ఆటే రాస్తామని చెప్పినప్పుడు సార్ ఒక కొత్త పద్ధతి చూపించారు. ముందు పేర్లు మాత్రమే పెట్టమన్నారు. గళ్ళు, గవ్వలు, కాయజరుపు, చంపు, పండు. ప్రతిదానికీ ఒక గది తెరిచి, లోపల ఏమీ రాయకుండా అలాగే వదిలేయాలి. అసలు ప్రోగ్రాంలో మాత్రం ఆట వరసంతా ఆ పేర్లతోనే రాయాలి. ప్రోగ్రాంను నడిపించే ఎఫ్‌ఫైవ్ నొక్కితే అది ఏ తప్పూ చూపకుండా నడిచింది. తెర మీద ఏమీ కనిపించలేదు, ఎందుకంటే ఏ గదిలోనూ ఏ పనీ లేదు. కానీ ఆట ఆసాంతం జరిగినట్టే లెక్క. తరువాత రోజుకొక గదిలోకి వెళ్ళి పని నింపుకుంటూ రావాలి. ఏ రోజు ఆపినా ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది, నిన్నటికంటే కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎందరో పెద్దవాళ్ళ దగ్గర ఎన్నో పద్ధతులు నేర్చుకున్నాను గాని, అంతకంటే ధైర్యాన్నిచ్చిన పద్ధతి నాకు మరొకటి దొరకలేదు.

గళ్ళు గీయడం తేలికే. లైన్ అన్న ఆజ్ఞకు చివర బీ అన్న అక్షరం తగిలిస్తే గీతకు బదులు చతురస్రం వస్తుంది. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే ఫర్ లూపు ఒకదానిలో మరొకటి పెట్టి ఇరవై అయిదు గళ్ళూ గీశాం, అడ్డగీతల ఇళ్ళకు ఒక్కొక్కదానిలో రెండేసి గీతలు కొట్టాం. రంగుల మెషీన్ వంతు వచ్చిన రోజున ఇళ్ళకు రంగు నింపబోతే, ఒకచోట గీత ఒక్క చుక్క మేర కలవక, ఎరుపు రంగు ఆ సందులోంచి బయటపడి తెరంతా పాకింది. ఆ వారమంతా చెల్లి ముగ్గు వేసేటప్పుడు గీతలు కలిశాయో లేదో వంగి వంగి చూసుకునేది.

గవ్వల సంగతి ఫంక్షన్‌తో చేయాలి. సబ్‌కూ ఫంక్షన్‌కూ తేడా సార్ ఒక్క మాటలో చెప్పారు. పెరట్లో మొక్కలకు నీళ్ళు పోసి వచ్చేవాడు సబ్, బజారుకు వెళ్ళి ఉప్పు పట్టుకొచ్చేవాడు ఫంక్షన్. తెచ్చినదాన్ని ఫంక్షన్ పేరులోనే పెట్టి పంపాలి, మరచిపోతే వాడు ఉత్త చేతులతో, అంటే సున్నాతో వస్తాడు. మాకు సున్నా వచ్చింది గాని అందుకు కాదు. అసలు ప్రోగ్రాంలో నేను "గవ్వలు" అన్న మాటకు ఒక అక్షరం తక్కువ కొట్టాను. తెలియని పేరు కనిపిస్తే క్యూబేసిక్ అదేమిటని అడగదు, కొత్త చలరాశి, అంటే విలువ దాచుకునే పేరు కాబోలనుకుని దానికి సున్నా విలువ ఇస్తుంది. కాయ ఒక్క గడి కూడా కదలలేదు. ఆ ఒక్క అక్షరం కోసం రెండు రోజులు, అంటే రెండు గంటల మెషీన్ సమయం పోయింది.

అది సరిచేశాక కాయలు కదిలాయి. కానీ నాలుగైదు రోజులు ఆడేసరికి చెల్లి వరసగా గెలవడం మొదలుపెట్టింది. ఆట తెరిచిన ప్రతిసారీ మొదటి పందెం మూడే పడుతోందని, తరువాతి పందేలు కూడా అదే వరుసలో వస్తున్నాయని ఆమె కనిపెట్టి, వరసంతా నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంది. గవ్వలు వేయడానికి మేము వాడిన ఆర్‌ఎన్‌డీ అన్న ఆజ్ఞ ఇచ్చే అంకెలు చూడడానికి యాదృచ్ఛికంగా ఉన్నా, ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ .7055475తోనే ప్రారంభమవుతాయి. ఆ రోజుల్లో బేసిక్ రాసినవాళ్ళు ఆ అంకెను ఎక్కడ చూసినా గుర్తుపడతారు. ప్రోగ్రాం మొదట్లో "రాండమైజ్ టైమర్" అని ఒక్క వరుస చేర్చమని సార్ చెప్పారు. అప్పటినుంచి గడియారం చూసి గవ్వలు వేయడం మొదలైంది. ఆ వరుస కొట్టింది చెల్లే.

*

అమ్మమ్మ ఒకసారి ఆ ఆట చూడడానికి వచ్చింది. మెట్లు మెల్లగా ఎక్కి, ఏసీ చలికి కొంగు నిండా కప్పుకుని, నా పక్క కుర్చీలో కూర్చుంది. పది పదిహేను పందేలు చూసి "గవ్వలు ఇట్లా పడవురా" అంది.

"ఎందుకు పడవు అమ్మమ్మా?"

"మన గవ్వల్లో ఒకదానికి వీపు అరిగిపోయింది. అది వెల్లకిలానే పడుతుంది ఎక్కువసార్లు. బొద్దుగా ఉన్నది బోర్లా తిరుగుతుంది. దేని గుణం దానిది."

మేము అన్ని గవ్వలకూ సగం సగం అని రాశాం. ప్రతి గవ్వా వెల్లకిలా పడే అవకాశం ఎంతో, బోర్లా పడే అవకాశమూ అంతే అనుకున్నాం. లెక్క ప్రకారం అష్టా పదహారు పందేలకు ఒకసారి, చెమ్మా పదహారుకు ఒకసారి పడాలి. అమ్మమ్మకు ఆ లెక్క తెలియదు. కానీ యాభై ఏళ్ళు ఆ నాలుగు గవ్వలతోనే ఆడిన చెయ్యి ఆమెది.

సార్ ఆ మాట విని చాలా ఆనందపడ్డారు. "అమ్మగారు చెప్పినదే సరి. ఇంటికి వెళ్ళి ఒక్కో గవ్వను నూరుసార్లు వేసి లెక్క రాసుకు రండి" అన్నారు. ఆ సాయంత్రం హాల్లో కూర్చుని వేశాం. నేను వేస్తే చెల్లి గీతలు గీసేది, అయిదో గీత అడ్డంగా కొట్టేది. వీపు అరిగిన గవ్వ డెబ్భైకి పైగానే వెల్లకిలా పడింది. నాలుగు గవ్వలకు నాలుగు అంకెలు వచ్చాయి. వాటిని ప్రోగ్రాంలో రాసి, గవ్వలు అన్న ఫంక్షన్ ఒక్కొక్క గవ్వకు దాని అంకెనే వాడేలా మార్చాం. సెంటర్‌లోని మెషీన్ మీద పడే పందేలు మా ఇంటి గచ్చు మీద పడే పందేల మాదిరే కావడం మొదలైంది. మిగతా ఆట అంతా మేము రాయకపోయినా ఎవరో ఒకరు రాయగలరు. ఆ నాలుగు అంకెలు మాత్రం మా అమ్మమ్మ గవ్వలవి.

*

కాయజరుపు దగ్గర చాలా రోజులు ఆగిపోయాం. మొదట నలుగురు ఆటగాళ్ళకు నాలుగు సబ్‌లు రాశాం. నాలుగూ ఒకే తీరు, మొదలయ్యే గడి మాత్రమే వేరు. ఒకదానిలో తప్పు దిద్దితే మిగతా మూడింటిలోనూ మరచిపోకుండా దిద్దాలి, మేము మరచిపోయేవాళ్ళం. ఒకరికీ ఇంకొకరికీ బయటి వరుసలో తేడా ఎన్ని గళ్ళని సార్ అడిగారు. నాలుగు. "అయితే 'ఎవరు' అన్నది ఆ గదిలోకి పంపండి, నాలుగుతో హెచ్చవేసి కలుపుకోమనండి." నాలుగు గదులు ఒక్కటయ్యాయి. బ్రాకెట్లలో "ఎవరు, పందెం" అని రాసి ఒక్క సబ్‌తో నలుగురి కాయలూ నడిపించిన రోజున, నోట్‌బుక్‌లో మూడు పేజీలు నిలువునా కొట్టేశాం. కొట్టివేసినందుకు అంత సంతోషం కలుగుతుందని అంతకుముందు తెలియదు.

తరువాత రెండు తప్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒకదానికి మరొకటి సరిగ్గా వ్యతిరేకం. మొదటిది, పండిన కాయల లెక్క. చంపినవీ పండినవీ లెక్కపెట్టే వరుసలు కాయజరుపులోనే రాశాం. లోపల ప్రింట్ చేసి చూస్తే ఒకటి అని చూపేది, బయటికి వచ్చి చూస్తే సున్నా. మళ్ళీ లోపలికి వెళితే మళ్ళీ మొదటి నుంచే. సార్ చెప్పింది ఇది: ఒక సబ్‌లో పుట్టిన చలరాశి ఆ గదిలోనిదే, తలుపు మూయగానే అది చెరిగిపోతుంది. పేరు ఒకటే అయినా బయట ఉన్నది వేరు, లోపల ఉన్నది వేరు. ఇంటిల్లిపాదికీ కావలసినది అయితే హాల్లోనే "డిమ్ షేర్డ్" అని చాటి చెప్పాలి. అలా రాయగానే లెక్క నిలిచింది.

లోపలి సంగతి బయటికి రాదని ఇక ఖాయంగా నమ్మాం. వారం తిరగకుండానే అష్టా పడింది, కాయ ఎనిమిది గళ్ళు చక్కగా నడిచింది, కానీ మరో పందెం రాలేదు. చెమ్మా పడినా అంతే. మరో పందెం ఇచ్చే వరుస అసలు ప్రోగ్రాంలో స్పష్టంగా ఉంది: పందెం నాలుగైనా ఎనిమిదైనా మళ్ళీ వేయనివ్వు. ఎన్నిసార్లు చదివినా అందులో తప్పు లేదు. డాబా మీద మూడు సాయంత్రాలు నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాం. చివరికి చెల్లి ఆ వరుసకు ముందు పందెం ఎంతో ప్రింట్ చేయించి చూసింది. సున్నా.

కాయజరుపులో కాయను ఒక్కొక్క గడీ జరుపుతూ, జరిపినప్పుడల్లా పందెంలోంచి ఒకటి తీసేసేవాళ్ళం. అది సున్నా అయ్యేసరికి కాయ చేరవలసిన గడికి చేరేది. ఆ తీసివేత లోపలితో ఆగకుండా బయటి పందేన్నీ తినేసింది. మరి లోపలిది బయటికి రాదన్నారు కదా అని సార్‌ను కొంత ఉక్రోషంగానే అడిగాను.

సార్ తండ్రిగారు రిజిస్ట్రారు ఆఫీసు ముందరి చెట్టు కింద దస్తావేజులు రాసేవారు. అందుకేనేమో ఆయన చెప్పిన జవాబు ఆ చెట్టు కింద నుంచే వచ్చినట్టుంది. "నీ ఇంటి కాగితాలు ఎవరికైనా చూపించమని ఇచ్చావనుకో. అసలు దస్తావేజు ఇస్తే, వాడు దాని మీద ఏది గీకినా అది నీ దస్తావేజు మీద గీకినట్టే. నకలు తీసి ఇస్తే వాడేం చేసుకున్నా నీకు పోయేది లేదు. మామూలుగా పేరు రాసి పంపితే క్యూబేసిక్ అసలు కాగితమే పంపుతుంది. నకలు పంపాలంటే దాని చుట్టూ ఇంకొక జత బ్రాకెట్లు పెట్టు." పందెం చుట్టూ బ్రాకెట్లు పెట్టాం. అష్టా పడింది, కాయ నడిచింది, తెర మళ్ళీ పందెం వేయమంది.

లోకంలో చాలా ప్రోగ్రాం భాషలు ఈ అసలూ నకలూ వ్యవహారాన్ని ఒక్కొక్కటి ఒక్కో తీరున పరిష్కరిస్తాయి. ఉద్యోగంలో చేరాక కొత్త భాష చేతికి వచ్చినప్పుడల్లా నేను ముందు అడిగే ప్రశ్న, ఇది అసలు పంపుతుందా నకలు పంపుతుందా అనే. పుస్తకాలలో దానికి గంభీరమైన ఇంగ్లీషు పేర్లు ఉన్నాయి. నా మనసులో మాత్రం రిజిస్ట్రారు ఆఫీసు ముందరి చెట్టే మెదులుతుంది.

*

సెలవులు ముగిసే వారంలో సార్ మా ప్రోగ్రాంను ప్రింట్ చేసి ఇచ్చారు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కర్ర్ కర్ర్ మంటూ అటూ ఇటూ కదులుతుంటే, ఒక్కొక్క వరుసా పైకి పాకుతూ వచ్చింది. వారగా ఉన్న చిల్లుల పట్టీని చింపకుండా అలాగే ఉంచుకున్నాం. కాయజరుపు పక్కన సార్ పెన్సిలుతో "నకలు" అని రాసి, చుట్టూ సున్నా చుట్టారు. మూడో పేజీ మీద ఆ మాట ఇంకా ఉంది.

మరుసటి ఏడు మేము వెళ్ళేసరికి బట్టల కొట్టు పై అంతస్తు వరకు విస్తరించింది, సెంటర్ వేరే వీధికి మారింది. ఆ తరువాత కొన్నాళ్ళకు అదీ లేదు. విండోస్ 95 సీడీలో పాత డాస్ సామాను పెట్టిన ఫోల్డరులో క్యూబేసిక్ ఒక మూలన ఉండేది. తెలిసినవాళ్ళు వెదికి తీసుకునేవారు, తెలియనివాళ్ళకు అది ఉన్నట్టే తెలియదు. సార్ పోయారన్న కబురు నాకు చాలా ఆలస్యంగా, వేరే ఊళ్ళో, మరెవరి మాటల మధ్యనో తెలిసింది. ఆయనకు చెప్పవలసినది ఒకటి ఉండిపోయింది. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లల చేత మొదటి రోజు ఖాళీ గదులకు పేర్లే పెట్టిస్తున్నాను.

*

ట్రంకుపెట్టె తీసిన రాత్రి, సామాను మూటల మధ్య లాప్‌టాప్ పెట్టుకుని, పాత డాస్ ప్రోగ్రాములను నడిపించే డాస్‌బాక్స్‌లో క్యూబేసిక్ తెరిచాం. చెల్లి కాగితం మీద వరుసలు పైకి చదివింది, నేను కొట్టాను. చిన్న అక్షరాలతో కొట్టిన మాటలు ఎంటర్ నొక్కగానే పెద్దవవుతుంటే ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. రెండో పేజీ మడత దగ్గర కాగితం చిరిగి, గవ్వల నాలుగు అంకెలలో రెండు పోయాయి. ఏవో రెండు అంకెలు వేసేస్తే సరిపోయేది. కానీ పౌడరు డబ్బా పక్కనే ఉంది. ఆ ఖాళీ హాల్లో, అదే గచ్చు మీద, చెల్లి గవ్వలు వేసింది, నేను గీతలు గీశాను. వీపు అరిగిన గవ్వ ఇప్పటికీ వెల్లకిలానే పడుతోంది.

అర్ధరాత్రి దాటాక ఆట నడిచింది. గళ్ళు వచ్చాయి, గవ్వలు పడ్డాయి, అష్టాకు మరో పందెం వచ్చింది. చెల్లి కాయ లోపలి వరుస కూడా తిరిగి నడిగడిలోకి చేరింది. తెర మీద ఏమీ జరగలేదు. ఎక్కడో టైపు తప్పు కొట్టి ఉంటాననుకుని కాగితం వెదికాను. చివరి పేజీలో ఆఖరి రెండు వరుసలు ఇవే: "సబ్ పండు", "ఎండ్ సబ్". మధ్యలో ఏమీ లేదు. ఆ ఒక్క గదీ నింపకుండానే సెలవులు అయిపోయాయి. అసలు ప్రోగ్రాం మాత్రం ఇన్నేళ్ళూ ఆ పేరును పిలుస్తూనే ఉంది.

ఎఫ్‌టూ నొక్కి పట్టికలో పండు మీదకు వెళ్ళాను. రెండు వరుసల మధ్య కర్సర్ మెరుస్తూ నిలబడింది. చెల్లి లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, చిన్న అక్షరాలతో ప్రింట్ అని కొట్టి, కొటేషన్ గుర్తుల మధ్య "పండిందర్రా" అని రాసి, ఎంటర్ నొక్కింది. ప్రింట్ అన్న మాట పెద్ద అక్షరాలలోకి మారింది. అమ్మమ్మ మాట కొట్టినది కొట్టినట్టే ఉంది.